పళ్ళు జివ్వుమనడం కర్మఫలమా?

చల్లని నీళ్ళు తగలగానే, పచ్చి చింతకాయ కొరకగానే పన్ను జివ్వుమని ఒక్క క్షణం ఒళ్ళంతా ముడుచుకుపోయి, మళ్ళీ మామూలవడం చిన్న బాధే. దీనికోసం ఎవరూ ఆసుపత్రిలో చేరరు. అయితే అన్ని బాధల గురించీ మతాలు వేసుకున్న పెద్ద ప్రశ్నను ఈ చిన్న బాధ దగ్గర పరీక్షించి చూడవచ్చు. ఇది ఎవరు చేసిన పనికి ఫలితం? అనుభవించేవాడే ఏ జన్మలోనో చేసిన తప్పుకా, తల్లిదండ్రులు చేసినదానికా, లేక తప్పొప్పులతో పనిలేని కారణాలకా? ప్రాణాంతకమైన జబ్బు ముందు ఈ ప్రశ్న వేస్తే భయమూ దుఃఖమూ ఆలోచనను సాగనివ్వవు. పంటి విషయంలో ఆ చిక్కు లేదు. దాని కారణాలు చాలావరకు తెలిసినవే. వయసును బట్టి మారతాయి, కొన్ని అద్దంలో చూసుకుంటే కంటికే కనిపిస్తాయి.

ఈ ప్రశ్నను పంటి మీదే పెట్టి మాట్లాడిన గ్రంథాలున్నాయి. పూర్వజన్మ పాపాలు ఈ జన్మలో ఒంటి మీద ఏ గుర్తులుగా తేలతాయో చెబుతూ మనుస్మృతి పదకొండో అధ్యాయం, సురాపానం చేసినవాడికి పళ్ళు నల్లబడతాయంటుంది. దక్షయజ్ఞం కథలో ఫలితం మరుజన్మ దాకా ఆగదు. శివనింద జరుగుతుంటే పళ్ళు బయటపెట్టి నవ్విన పూషుడికి ఆ పళ్ళే రాలిపోతాయి, అప్పటినుంచి అతనికి పిండి నైవేద్యమే గతి. ఈ రెండు చోట్లా చేసినవాడూ అనుభవించినవాడూ ఒక్కడే. హెబ్రీ ప్రజల నోట నలిగిన సామెత ఇంకా ఘాటైనది: పుల్లని ద్రాక్షలు తిన్నది తండ్రులట, పళ్ళు పులిసింది బిడ్డలకట. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దంలో యెరూషలేము బబులోను చేతిలో పడి జనం చెరపట్టబడిన రోజులవి. ముందుతరాలు చేసిన పాపం తమ నెత్తిన పడిందన్న ఫిర్యాదు ఆ సామెతలో ఉంది. యిర్మీయా గ్రంథం 31వ అధ్యాయమూ, యెహెజ్కేలు గ్రంథం 18వ అధ్యాయమూ ఆ సామెతను ఎత్తి చూపి, ఇక అది చెల్లదని తేల్చాయి. యెహెజ్కేలు అయితే మూడు తరాలను వరసగా నిలబెట్టి వాదిస్తాడు. నీతిగా బతికిన తండ్రి, అతనికి దుర్మార్గుడైన కొడుకు, ఆ కొడుక్కి మళ్ళీ మంచి కొడుకు. ముగ్గురిలో ఎవరి లెక్క వారిదే. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి పాపం వీడిదా, కన్నవాళ్ళదా అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్న ఘట్టం యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది.

ఈ చర్చలో ఉత్తరాంధ్ర తీరానికి సొంత వాటా ఉంది. సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు నుంచి తీరం వెంబడి దక్షిణానికి పోతే వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం వస్తుంది. అక్కడికి దగ్గరలో, నది ఒడ్డు కొండ మీద శాలిహుండం బౌద్ధ శిథిలాలున్నాయి. 1919లో వాటిని గుర్తించి లోకానికి తెలియజేసినవారు గిడుగు రామమూర్తి. బుద్ధుడి దంతధాతువు కళింగ రాజధాని దంతపురంలో పూజలందుకుందనీ, నాలుగో శతాబ్దంలో రాకుమారి హేమమాల దాన్ని జుట్టులో దాచి భర్త దంతకుమారుడితో కలిసి సింహళం చేర్చిందనీ పాళీ కావ్యం దాఠావంశం చెబుతుంది. ఆ దంతపురం సరుబుజ్జిలి మండలంలోని పాత కోట దిబ్బల దగ్గరే ఉండేదని పలువురు చరిత్రకారులు భావించారు. పూరీ అనేవారూ ఉన్నారు.

ఒక పంటిని రాజధానిలో పెట్టి పూజించిన ఆ సంప్రదాయం, బాధలన్నిటికీ పూర్వకర్మే మూలమనడాన్ని మాత్రం ఒప్పుకోలేదు. బుద్ధుడి ప్రవచనాల సంకలనమైన సంయుత్తనికాయంలో, వేదనల గురించిన భాగంలో మోళియ శివకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి సూటిగా ఇదే అడుగుతాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసినదాని ఫలమేనని కొందరు శ్రమణులు, బ్రాహ్మణులు అంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఎనిమిది కారణాలు చెబుతాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి చెడడం, రుతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటినుంచి తగిలే దెబ్బ, చివరిది కర్మవిపాకం. వీటిని ఎవరికి వారు ఎరగవచ్చు, లోకమూ ఒప్పుకుంటుంది, అంతా కర్మే అనేవారు ఈ రెండు ప్రమాణాలనూ దాటిపోతున్నారు అన్నది ఆయన జవాబు సారం. కర్మను కొట్టివేయలేదన్నది గమనించాలి. ఎనిమిదింటిలో ఒకటిగా కూర్చోబెట్టాడు, అదీ చివర.

వైద్యులు ఇదే దారిలో నడిచారు. సుశ్రుతసంహిత నిదానస్థానం పదహారో అధ్యాయంలో నోటి జబ్బుల జాబితా ఉంది. చల్లదనాన్నీ వేడినీ స్పర్శనూ పళ్ళు ఓర్చుకోలేకపోవడాన్ని అక్కడ దంతహర్షం అన్నారు, వాతం వల్ల వస్తుందన్నారు. మనుస్మృతి పాపచిహ్నమన్న నల్లని పన్ను కూడా ఆ జాబితాలో ఉంది. దానికి రక్తంతో కలిసిన పిత్తాన్ని కారణంగా చూపారు తప్ప పూర్వజన్మ ప్రస్తావన లేదు. నూనె పుక్కిలిస్తే పుల్లని పదార్థాలకు పళ్ళు పులియవని చరకుడు సూత్రస్థానం ఐదో అధ్యాయంలో రాశాడు. కారణాల పట్టికలో వాతపిత్తాలకు నేటి వైద్యంలో స్థానం లేకపోవచ్చు. పంటి బాధను పంటి దగ్గరే వెతకాలన్న పట్టుదల మాత్రం ఆ పుస్తకాలది, దాన్ని తక్కువ చేయడానికి లేదు.

ఇప్పటికి తెలిసినంతలో ఆ బాధ పుట్టే తీరు ఇది. పంటికి పైన ఎనామెల్, లోపల డెంటిన్, మధ్యలో నరమూ రక్తనాళాలూ ఉండే గుజ్జు. ఎనామెల్ ఒంట్లోకెల్లా గట్టి పదార్థం, దానిలో నరాలు లేవు. డెంటిన్ నిండా మాత్రం వేల సంఖ్యలో సన్నని గొట్టాలు గుజ్జు వైపు సాగి ఉంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. ఎనామెల్ అరిగినా, చిగురు కిందికి జారి పంటి వేరు బయటపడినా ఆ గొట్టాల మూతులు తెరుచుకుంటాయి. చల్లదనం తగిలితే లోపలి ద్రవం బయటి వైపు కదులుతుంది, తీపి కూడా దాన్ని బయటికి లాగుతుంది. ఆ కదలికే నరాన్ని తాకి జివ్వుమనిపిస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త బ్రాన్‌స్ట్రోమ్ 1960ల్లో ప్రయోగాలతో నిలబెట్టిన వివరణ ఇది, నేటికీ ఎక్కువమంది ఒప్పుకునేది ఇదే. కాబట్టి ఏ వయసులోనైనా అడగవలసింది ఒకటే, ఆ మూతులను తెరిచిందేమిటి అని.

తల్లి కడుపులో నాలుగో నెలలోనే పాలపళ్ళ మీద ఖనిజం పేరుకోవడం మొదలవుతుంది. పుట్టిన క్షణం కూడా పంటి మీద నమోదవుతుంది. పాలపంటిని పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, పుట్టుకకు ముందు ఏర్పడిన ఎనామెల్‌కూ తర్వాతి ఎనామెల్‌కూ నడుమ సన్నని గీత కనిపిస్తుంది. కాన్పు సమయంలో ఒంటికి తగిలిన కుదుపు మిగిల్చిన గీత అది. ఆరేళ్ళకు వచ్చే మొదటి పెద్ద దవడ పళ్ళ కిరీటం పుట్టినప్పటినుంచి దాదాపు మూడేళ్ళ వరకు తయారవుతుంది. ఆ రోజుల్లో బిడ్డకు వచ్చిన తీవ్రమైన జబ్బులు ఎనామెల్ పనిని చెడగొట్టగలవు. అలాంటి బిడ్డకు ఆరో ఏట పసుపు, గోధుమ రంగు మచ్చలతో మెత్తని దవడ పన్ను మొలుస్తుంది, బ్రష్ తగిలితేనే ఏడుస్తాడు. మొండికేస్తున్నాడని పెద్దలు కసురుతారు. ఆ పంటికి ఎనామెల్ అనే కవచమే సరిగా ఏర్పడలేదని వాళ్ళకు తెలియదు. ఎనామెల్ కట్టే కణాలు పన్ను మొలిచేసరికి అంతరిస్తాయి కనుక ఒంటికి దాన్ని మళ్ళీ కట్టుకునే వీలు లేదు.

హెబ్రీ సామెత ఇక్కడ అక్షరాలా నిజమైనట్టు కనిపిస్తుంది. కొన్ని కుటుంబాల్లో ఎనామెల్ సరిగా తయారుకాని లోపం జన్యువుల ద్వారానే దిగుతుంది. దానిలో ఒక రకంలో తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది. బావి నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువున్న ఊళ్ళో పుట్టిన పిల్లల పళ్ళు మచ్చలు పడి, తీవ్రమైతే గుంటలు పడి పెచ్చులూడతాయి. ఈ జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు నమోదు చేశారు, తర్వాత నల్గొండ పేరు దానితో ముడిపడిపోయింది. పళ్ళు తయారయ్యే చిన్నతనంలో తాగిన నీళ్ళే ఈ మచ్చలు వేస్తాయి. పెద్దయ్యాక ఆ ఊరికి వచ్చినవాడి పళ్ళకు రావు. ఇంతకన్నా స్పష్టంగా ముందుతరం జీవితం బిడ్డ పంటి మీద రాసి ఉండడం కుదరదు. అయినా ఇందులో తప్పెక్కడ? జన్యువును ఎవరూ ఎంచుకోలేదు. ఊళ్ళో ఉన్న ఒక్క బావిలో నీళ్ళు తోడడం పాపం కాదు. కారణం తరాలు దాటి వస్తుంది, దోషం దాటదు. యెహెజ్కేలు ఖండించినది రెండోదాన్నే. వంశపారంపర్యం పేరు చెప్పి అతని వాదం తప్పనేవారు ఈ రెంటినీ కలిపేస్తున్నారు.

తండ్రి దోషం దాటదంటే తండ్రి బాధ్యత తీరిపోయిందని కాదు. పాలసీసా నోట్లో పెట్టి రాత్రంతా పడుకోబెడితే పైపళ్ళు పిప్పిపోతాయి, పాలపళ్ళ ఎనామెల్ పలచన కనుక గుజ్జుదాకా చేరడానికి ఎన్నాళ్ళో పట్టదు. ఇది శివకుడికి చెప్పిన పట్టికలో ఆరోది, సరిగా చూసుకోకపోవడం. తెలియక జరిగినంత కాలం అది నేరం కాదు, తెలిశాక మానుకోవాలి. ఫ్లోరైడు బావి సంగతైతే ఒక్క ఇంటి చేతిలో లేదు. అక్కడ బాధ్యత పంచాయతీదీ ప్రభుత్వానిదీ అవుతుంది, కర్మ అన్న మాటతో అది మరుగున పడకూడదు.

గర్భిణి విషయంలో నింద వెనక్కి తిరుగుతుంది. కడుపులో బిడ్డ తల్లి పళ్ళ సున్నాన్ని లాక్కుంటుందన్న నమ్మకం చాలాచోట్ల ఉంది. నిజానికి ఒకసారి ఏర్పడిన పంటి నుంచి సున్నం తిరిగి రక్తంలోకి రాదు. ఆ నెలల్లో పళ్ళు పులియడానికి అసలు కారణం వేవిళ్ళ వాంతుల్లోని ఆమ్లం, హార్మోన్ల మార్పుతో వాచి నెత్తురోడే చిగుళ్ళు, పుల్లని తిండి మీద మనసుపోవడం. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకుండా నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగితే మెత్తబడ్డ ఎనామెల్ అరగదు. ఇంతమాత్రం చెప్పేవారు లేక, బిడ్డకు పళ్ళు చెడిపోతే తల్లే ఏదో తిన్నదని, ఏదో చేసిందని ఇంట్లోవాళ్ళు అనడం ఇప్పటికీ వినిపిస్తుంది. సంయుత్తనికాయంలోనే మరో సూత్రంలో రెండు బాణాల ఉపమానం ఉంది. ఒంటికి తగిలే బాధ మొదటి బాణం, దాని మీద మనసు తెచ్చిపెట్టుకునే శోకం రెండోది. ఆ తల్లికి రెండో బాణం వేస్తున్నది చుట్టూ ఉన్నవాళ్ళు. అది క్రూరమైన పని.

పెద్దవాళ్ళలో ఈ బాధ ఎక్కువగా కనిపించేది ఇరవై నుంచి యాభై లోపు, అందులోనూ ముప్ఫై నలభై మధ్య. ఎనిమిది కారణాల పట్టికలో ఆరోదీ ఏడోదీ ఎక్కువ పనిచేసే వయసు ఇదే. నోటిలో పీహెచ్ 5.5 కన్నా కిందికి దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది, చింతపండు పులుపు అంతకు చాలా దిగువన ఉంటుంది. భావనపాడు లాంటి వేట ఊళ్ళలో చేపల పులుసు, ఎండాకాలం పచ్చి మామిడికాయ, పొద్దున్నే తరవాణి అన్నం మామూలు తిండి. వీటిలో ఏదీ తప్పు తిండి కాదు, భోజనంతో కలిపి తిన్న పులుపును లాలాజలం సర్దుకుంటుంది. రోజంతా మామిడికాయ ముక్క చప్పరించడం, సీసా కూల్‌డ్రింకును గుక్క గుక్కగా గంటసేపు తాగడం వేరు. పుల్లత్రేన్పులున్నవారికి కడుపులోని ఆమ్లమే రాత్రిళ్ళు పైకొచ్చి పళ్ళ లోపలి వైపును తినేస్తుంది. నిద్రలో పళ్ళు నూరేవారికి అరుగుదల పైనుంచి మొదలవుతుంది.

పళ్ళు తోమే అలవాటు చేసే హాని వీటన్నిటికన్నా కంటికి బాగా ఆనుతుంది. వేపపుల్లను మెత్తగా నమిలి కుంచెలా చేసుకుని తోమితే ఇబ్బంది లేదు. బొగ్గుపొడి, కచ్చిక, ఇటుకపొడి, కల్లుప్పు చేతికి తీసుకుని అడ్డంగా గట్టిగా రుద్దడం వేరు. పళ్ళు తెల్లబడుతున్నాయని తోమేవాడు సంతోషిస్తాడు, పదిపదిహేనేళ్ళకు చిగురు అంచున పంటికి అడ్డంగా కోసినట్టు గాడి పడుతుంది. గోరు పెట్టి కిందికి లాగితే ఆ గాడిలో తగులుకుంటుంది, అక్కడే జివ్వుమంటుంది. కుడిచేత్తో తోమేవారికి ఎడమవైపు కోరపళ్ళ దగ్గర ఇది తరచుగా ఎక్కువ. గట్టి కుచ్చుల బ్రష్షూ ఇదే పని చేస్తుంది. ఈ తీరంలో ఆడవాళ్ళు కొందరు చుట్ట నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగడం, ఒడిశా సరిహద్దున గుడాకు అనే పొగాకు పేస్టు పళ్ళకు రాసుకోవడం పాత అలవాట్లు. పొగాకు చిగుళ్ళను దెబ్బతీసి వేళ్ళను బయటపెడుతుంది, అంతకన్నా పెద్ద ప్రమాదం అంగిలి మీద, నోటిలో వచ్చే క్యాన్సరు. ఈ గాడులూ జారిన చిగుళ్ళూ చేసినవాడి చేతి పనే. కర్మ అన్న మాటకు పని అనే అర్థం తీసుకుంటే ఇవి కర్మఫలాలే, అయితే ఈ జన్మలో, నిన్నా మొన్నా చేసిన పనికి. దీన్ని సరిదిద్దుకోవచ్చు. పూర్వజన్మకు అంటగడితే సరిదిద్దుకునే దారి మూసుకుపోతుంది.

ముసలితనం దగ్గర లెక్క తలకిందులవుతుంది. అరవై దాటినవారికి చిగుళ్ళు జారి వేళ్ళు మరింత బయటపడి ఉంటాయి. అందుచేత జివ్వు పెరగాలి, పెరగదు, చాలామందికి తగ్గుతుంది. పన్ను బతికున్నంత కాలం లోపలి వైపు కొత్త డెంటిన్ పొర పేరుకుంటూనే ఉంటుంది. గుజ్జు గది ఇరుకవుతుంది, గొట్టాలు ఖనిజంతో పూడిపోతాయి. తనను తాను కాపాడుకునే పని పన్ను ఏళ్ళ తరబడి చడీచప్పుడూ లేకుండా చేస్తూ వస్తుంది. జన్మజన్మల పాపం పోగుపడి వయసుతో పండుతుందన్న ఊహకు ఇది సరిపడదు. వార్ధక్యాన్ని దుఃఖాలలో లెక్కించిన బౌద్ధం కూడా ఈ ఒక్క చోట శరీరం చేసే మేలును ఒప్పుకోవలసిందే. అలాగని అంతా క్షేమం కాదు. రక్తపోటుకూ మానసిక కుంగుబాటుకూ వాడే మందుల్లో కొన్ని నోరు ఎండగొడతాయి. లాలాజలం తగ్గితే బయటపడ్డ వేరు తొందరగా పిప్పిపోతుంది. నొప్పి తగ్గింది కదా అని పట్టించుకోనివారికి పన్ను ఊడిపోయే దాకా తెలియదు.

కర్మవాదం తరఫున చెప్పదగిన బలమైన మాట ఒకటుంది. కర్మ తానుగా వచ్చి పంటిని పట్టదు, గట్టి బ్రష్షునో పుల్లని తిండినో జన్యువునో పనిముట్టుగా చేసుకుంటుంది, కాబట్టి వైద్యుడు చెప్పే కారణాలకూ కర్మకూ విరోధం లేదు అంటారు. తర్కానికి ఇది నిలుస్తుంది. కానీ అలా అంటే కర్మ ఏ ఫలానా పంటికి ఏ ఫలానా పాపమో చెప్పలేని స్థితికి చేరుతుంది. ఒకడి నోరు చూసి వాడి గతాన్ని తీర్పు తీర్చే హక్కు ఎవరికీ మిగలదు. మనుస్మృతి చేసింది సరిగ్గా ఆ తీర్పే. చరకసంహిత విమానస్థానం మూడో అధ్యాయం ఇక్కడ మెరుగైన దారి చూపింది. ఆయుర్దాయం దైవం మీదా పురుషకారం మీదా ఆధారపడుతుందని, బలహీనమైన దైవాన్ని బలమైన ప్రయత్నం గెలుస్తుందని, అంతా నిర్ణయమై ఉంటే మందులకూ నియమాలకూ అర్థమే ఉండదని వాదించింది. అరసవిల్లి సూర్యనారాయణుడికి ఆరోగ్యం కోసం మొక్కుకునేవారు వైద్యుడి దగ్గరికీ వెళుతూనే ఉన్నారు. భక్తికి ఇందులో లోటు లేదు.

పంటి విషయంలో ఆ ప్రయత్నం ఖరీదైనదీ కాదు. మెత్తని బ్రష్, గుండ్రంగా తేలిగ్గా తోమడం, ఫ్లోరైడు పేస్టు. జివ్వుకు పొటాషియం నైట్రేటున్న పేస్టు నరాన్ని నెమ్మదింపజేస్తుంది, కొన్ని వారాలు వాడితేగాని తేడా తెలియదు. స్టానస్ ఫ్లోరైడు లాంటివి గొట్టాల మూతులను పూడుస్తాయి. గాడులను వైద్యులు నింపుతారు. ఎనామెల్ లోపంతో మొలిచిన పిల్లల దవడ పంటికి తొడుగు వేస్తారు. ఒకే పన్ను వేడికి చాలాసేపు సలుపుతూ ఉంటే అది జివ్వు కాదు, లోపల గుజ్జు చెడిందని అర్థం. దానికి పేస్టు పనిచేయదు.

కారణం ఇంకా తేలని బాధలకు ఏ పేరు పెట్టాలన్నది మిగిలిన చిక్కు. భావనపాడుకు ఉత్తరాన పలాస, వజ్రపుకొత్తూరు, కవిటి, సోంపేట వైపు ఉద్దానం అనే ప్రాంతంలో దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు మనుషులను తీసుకుపోతోంది. నీళ్ళను, నేలను, పురుగుమందులను, ఎండలో చెమటోడ్చే పనిని పరిశోధకులు పరీక్షించారు, ఇదీ కారణమని అందరూ ఒప్పుకున్నది లేదు. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో కూడిన ఆసుపత్రి ప్రారంభమైంది. మూత్రపిండాలు చెడినవారికి నోరెండడం, నాలుక రుచి మారడం, చిగుళ్ళూ పళ్ళూ దెబ్బతినడం మామూలు. ఈ తీరంలో పళ్ళు జివ్వుమంటున్నాయని వచ్చిన రోగిని నోరు ఎండుతోందా, కాళ్ళు వాస్తున్నాయా అని కూడా వైద్యుడు అడగడం మంచిది. ఉద్దానం ఇళ్ళలో ఇదంతా తలరాత అన్న మాట వినిపిస్తే అది ఓపికకు పెట్టుకున్న పేరు, దాన్ని తప్పుపట్టనక్కరలేదు. అదే మాట పరిశోధించవలసినవారి నోట వస్తే ఒప్పుకోకూడదు. శివకుడికి చెప్పిన పట్టికలో తెలియని కారణమన్న అంశం లేదు. తెలియనిదాన్ని ఎనిమిదో గడిలో వేయమని బుద్ధుడు ఎక్కడా అనలేదు.